పాట ఆగకుండా ఒలిచిన విత్తనాలు

మొన్న మా మనవరాలు అనంతపురం నుంచి బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా సరిగా విడవకముందే, వెనుకటి రోజుల్లో ఆడవాళ్ళు పనులు చేసుకుంటూ పాడిన పాటలు కొన్ని సేకరించి తెమ్మని కాలేజీలో చెప్పారనీ, నాకేమైనా వచ్చా అనీ అడిగింది. అది చదువుతున్నది ఒకప్పుడు నేను చదివిన చదువే. మా రోజుల్లో దాన్ని హోం సైన్సు అనేవారు. ఇప్పుడు కుటుంబమూ ఆహారమూ వినియోగదారులూ అన్నీ కలిపి ఏదో పొడుగాటి పేరు పెట్టారు, ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగదు. శ్రమ తెలియకుండా ఉండటానికే పల్లెల్లో స్త్రీలు పాడుకునేవారని వాళ్ళ పాఠంలో ఉందట. ఆ మాట విన్నాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడే అమ్మ పోయింది కాబట్టి ఇంటికి పెద్ద దిక్కు మా నాయనను కన్న అవ్వే. నన్ను డిగ్రీకి పంపుతారని తెలిసి, సంగటి కెలికేది నేర్చుకోవడానికి అనంతపురం దాకా పోవాలా అని ఊరంతా నవ్వింది. నాయన కూడా కొంచెం వెనకాడాడు గానీ, పట్టుబట్టి నన్ను పంపించింది మా వదిన. మా అన్నను చేసుకొని ఇంటికి వచ్చిన ఆమె మా మేనమామ కూతురే, నాకంటే కొద్దిగా పెద్దది, తల్లి లేని పిల్ల. తల్లి లేని మేమిద్దరం ఒకరికొకరం తల్లులమైనట్టుగా ఉండేవాళ్ళం. సెలవులకు నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె విసురురాయి ముందు కూర్చొని నా పాఠాలన్నీ చెప్పించుకొనేది. ఫ్రిజ్జును ఎలా శుభ్రం చేసుకోవాలో మాకు నేర్పారని చెబితే, కరెంటే రాని మా ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలా అని గోడలన్నీ చూసి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

పోషకాహారం పాఠంలో ఒకరోజు మా మేడమ్ వేరుశనగ గురించి చెప్పారు. మన జిల్లా ఎర్రనేలలో పండే ఈ గింజలో ఎంత బలం ఉందో, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు రోజూ ఒక గుప్పెడు తింటే ఎంత మేలో ఆమె చెబుతుంటే, ఆ పంట పండించే ఇంటి పిల్లనని నాకు గర్వంగా అనిపించింది. ఆ తర్వాత కాసేపటికి గాని తట్టలేదు, మా ఇంట్లో ఆ గింజలు కంచంలోకి రావడం నేను ఎన్నడూ పెద్దగా చూడలేదని. కాయ కల్లంలో ఉండగానే నూనె మిల్లుకు పోయేది. ఇంట్లో మిగిలేవి విత్తనాలు, వాటిని ముట్టుకోకూడదు.

ఎండాకాలం చివర, వానలకు ముందు, ఆ విత్తనాల కాయలు ఒలిచేవాళ్ళు. ఇంటి ఆడవాళ్ళూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ వసారాలో వరుసగా కూర్చొనేవాళ్ళు. అవ్వ గడప దగ్గర కూర్చొని పాట అందుకోమనేది. ఒకరు పాడితే మిగతావాళ్ళు వంత పాడాలి, పని అయ్యేదాకా పాట ఆగకూడదు. ఎవరి గొంతైనా తగ్గితే అవ్వ తలెత్తి వాళ్ళ వైపు చూసేది, ఆ చూపు చాలు. పాడే నోట్లో గింజ పడదు కదా, అదీ సంగతి. ఎవరినీ తినొద్దని చెప్పే అవసరం ఉండేది కాదు, ఎవరికీ అవమానమూ ఉండేది కాదు. మా పల్లెల్లో ఇది అందరికీ తెలిసిన పద్ధతే, ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు.

అందరిలోకీ మా వదిన గొంతు బాగుండేది. అందుకని పాట ఎత్తుకొనేది ఎప్పుడూ ఆమే. పిల్లను అత్తగారింటికి సాగనంపే పాట ఒకటి పాడేది, వీధిలో పోయేవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు.

నా చదువు ముగియబోతున్న ఏడు వానలు సరిగా లేక పంట సగం కూడా చేతికి రాలేదు. ఎండాకాలం సెలవులకు నేను ఇంటికి వచ్చేసరికి వదిన నెలలు నిండబోతున్న మనిషి. కాలేజీలో నేర్పినట్టు ఆమె కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపు లేదు, సున్నం కొట్టిన గోడలాగా ఉంది. మనిషికి ఆయాసం, కాళ్ళకు వాపు. తినేదేమో సంగటీ, నంజుకోవడానికి ఊరిమిండి పచ్చడీ, అదీ మగవాళ్ళందరూ తిన్న తర్వాత. అలా ఉండి కూడా ఆమె రోజంతా వసారాలో కూర్చొని, కాయలు ఒలుస్తూ పాడుతూనే ఉంది.

నేను అవ్వ దగ్గర కూర్చొని మేడమ్ చెప్పినదంతా నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. వదినకు రోజూ ఒక గుప్పెడు గింజలు ఇవ్వమని బతిమాలాను. అవ్వ కోప్పడలేదు. కోప్పడి ఉంటే పోట్లాడేదాన్ని.

“అది మనది కాదు పాపా, భూమిది. దాని సొత్తు మనం తింటే, రేపు వానొచ్చినాక ఏం మొగం పెట్టుకొని చేనికాడికి పోయేది?” అంది.

అవ్వను తిట్టుకోవడం తేలికే. కానీ ఆమె కూడా జీవితమంతా అందరికంటే చివరన తిన్న మనిషి, ఒంటిమీద ఎముకలు తప్ప ఏమీ లేని మనిషి. ఒకనాడు అవ్వ లోపలికి పోయిన సందు చూసి, ఒక గుప్పెడు గింజలు తీసి వదిన ఒడిలో పోశాను. ఆమె పాట ఆపకుండానే నా వైపు చూసి నవ్వి, వాటిని మెల్లగా కుప్పలోకి జారవిడిచింది. పని అయ్యాక నా చెయ్యి పట్టుకొని, “ఈ తూరి పంట రానీలే. కాన్పయినాక చేటెడు వేయించుకొని ఇద్దరం కూచ్చొని తిందాం,” అంది.

ఆషాఢంలో ఆమెకు నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. మా అన్న ఎద్దులబండి కట్టి కళ్యాణదుర్గం ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఒంట్లో రక్తమే లేని మనిషిని ఇంతసేపు ఎట్లా ఉంచుకున్నారని డాక్టరు అడిగాడట. ఆ గుప్పెడు గింజలు ఆమెను బతికించేవని నేను చెప్పలేను, ఆ చదువు చదివినదాన్ని కాబట్టే చెప్పలేను. కానీ ఆమె ఆకలితో పాడిందన్నది మాత్రం నాకు తెలుసు.

ఈసారి వాన అసలు రానేలేదు. విత్తే కార్తెలు ఒకటొకటిగా వెళ్ళిపోయాయి, ఆకాశం వైపు చూసి చూసి నాయన చూడటం మానుకున్నాడు. ఒలిచిన విత్తనాలు సంచుల్లో పురుగు పట్టసాగాయి. ఒకరోజు అవ్వ ఎవరికీ చెప్పకుండా పెద్ద బాణలి పొయ్యిమీద పెట్టి వాటిని వేయించింది. ఆ కమ్మని వాసన ఇల్లంతా నిండింది. చేటలో పోసి మా మధ్య పెట్టి, “భూమి అడగలేదు. తినండి,” అంది. నాయన లేచి బయటికి పోయాడు. అన్న తల వంచుకొని కూర్చున్నాడు. నేను పసిపిల్లను ఒళ్ళో పెట్టుకొని ఆ చేట వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత అవ్వ చాలా ఏళ్ళు బతికింది గానీ వేరుశనగ గింజ నోట్లో వేసుకోలేదు, మా ఇంట్లో ఎవరినీ పాడమనీ అనలేదు.

ఆ పసిపిల్లను నేనే పెంచాను. మొన్న పాటలు అడిగిన మనవరాలు ఆమె కూతురు.

ఇప్పుడు విత్తనాలు సంచుల్లో మందు పూసి వస్తున్నాయి, కాయలు ఒలవడానికి మిషన్లు ఉన్నాయి, వసారాలో వరుసగా కూర్చొనే ఆడవాళ్ళు లేరు. కడుపుతో ఉన్నవాళ్ళకు అంగన్‌వాడీలో వేరుశనగ చిక్కీ పిలిచి ఇస్తున్నారు. చూసినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది, ఆ వెంటనే మా వదిన గుర్తుకొస్తుంది.

మనవరాలికి ఆ సాగనంపే పాట పాడి వినిపించాను. ముసలి గొంతు, మధ్యలో రెండు చోట్ల ఆగింది. అది ఫోనులో పట్టుకుంటూ, పక్కన గిన్నెలో వేయించిన వేరుశనగ గింజలు ఒక్కొక్కటే నములుతూ వింది. పాట అయ్యాక, దాని వెనక ఉన్నదంతా చెప్పాను, అది ఎవరి గొంతులోంచి నాకు వచ్చిందో కూడా చెప్పాను. పిల్ల నమలడం ఆపి గిన్నెను దూరంగా జరిపింది. నేను ఆ గిన్నెను మళ్ళీ పిల్ల ముందుకు నెట్టి, తినమన్నాను. మా వదిన తన పాట వినేవాళ్ళలో ఒక్కరినైనా గింజ నములుతూ వినగా చూడలేదు. కనీసం ఆమె మనవరాలైనా తింటూ వినాలి కదా.