కెమెరా ముందు పరుగు

కెమెరాల దుకాణంలో పెట్టెలు మోసే పని అతనికి ఇప్పించింది బావమరిదే. అక్కడే కెమెరాలు బాగుచేసే ఆ బావమరిది, "మా బావ గుర్రంలా పరిగెడతాడు సార్" అని ఓనరుకి మాటిచ్చాడు. అప్పటికే మోకాలు పాడైపోయిందని అతను ఇంట్లో కూడా నోరు విప్పలేదు. ఎవరైనా చూస్తుంటే పంటి బిగువున కుంటకుండా నడిచేవాడు.

ఆ రోజు కొత్త మిర్రర్‌లెస్ కెమెరా వచ్చింది. పరిగెత్తే మనిషి మీద ఆటోఫోకస్ నిలుస్తుందో లేదో చూడమన్నాడు ఓనరు.

"బావా, నా మీదకి పరిగెత్తుకుంటూ రా. పెళ్ళికొడుకులా నవ్వాలి మరి!"

"మీ అక్కని చేసుకున్నప్పుడే నవ్వలేదురా, ఇప్పుడేం నవ్వుతాను?"

అలా అంటూనే చేతిలోని అట్టపెట్టెతో పరుగందుకున్నాడు. కెమెరా టకటకా ఫోటోలు కొట్టేసింది.

వాటిని పెద్ద స్క్రీన్ మీద పెట్టారు. "అబ్బ, ఫోకస్ కంటి మీంచి కదల్లేదే!" అని ఓనరు మురిసిపోయాడు. కానీ ఒక్కో ఫోటో జరిపేకొద్దీ బావ గుట్టు బయటపడింది. కుడికాలు మోపిన ప్రతిసారీ మోకాలు పక్కకి ఒరిగిపోతోంది, మొహం నొప్పితో వంకర్లు పోతోంది.

"ఏంటయ్యా, గుర్రమన్నావు?" ఓనరు బావమరిది వైపు తిరిగాడు.

బావమరిది తల దించుకున్నాడు. అది చూసి అతనికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"వాడికి తెలీదు సార్. నేనే దాచాను," అన్నాడు అట్టపెట్టె చాటున మొహం పెట్టుకుని.