పిక్కు జారని వేళ్లు

ఏర్గట్ల పెళ్లిలో భూమేష్ చేతులకు పసుపు పూసింది పెళ్లివాళ్లు కాదు. అతను అన్నా అని పిలిచే మనిషి, ఆర్కెస్ట్రా ఓనరు మల్లికార్జున్.

పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. పందిట్లో పసుపు ఆట జోరుగా ఉంది. నూరిన పసుపును నూనెతో కలిపి పెద్ద బేసిన్లలో పెట్టారు. బావలు మరదళ్ల వెంట, మరదళ్లు బావల వెంట పడుతున్నారు. స్టేజీ పక్కన కుర్చీలో కూర్చుని భూమేష్ గిటారు తీగలు సవరించుకుంటున్నాడు. మల్లికార్జున్ నవ్వుకుంటూ వచ్చి, అతని చేతులు రెండూ పట్టుకుని, ఒక్కో వేలికీ పేరుపేరునా పూశాడు.

"అన్నా, నాకెందుకే? జరసేపైతే వాయించాలె గద," అన్నాడు భూమేష్.

"పెండ్లింట్ల పసుపు వద్దంటే పిల్లకు మంచిది గాదు తమ్మీ. కడుక్కోరాదు, సబ్బుకేమన్న కరువా?"

ఊరి చుట్టూ పసుపు చేలే ఉన్నచోట ఆ మాటకు తిరుగు లేదు. భూమేష్ పూయించుకున్నాడు. తర్వాత సబ్బుతో కడిగాడు, బూడిదతో తోమాడు, పంచె అంచుతో తుడిచాడు. రంగు కొంచెం వదిలింది గానీ వేలి గీతల్లోకి దిగిన నూనె వదల్లేదు.

స్టీల్ గిటారును నిలబెట్టుకుని వాయించరు. ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడి చేతి వేళ్లకు పిక్కులు తొడిగి మీటుతారు. పిక్కంటే వేలికొసకు ఉంగరంలా పట్టుకుని ముందుకు గోరులా వంగి ఉండే రేకు. అది వేలికి పట్టుకుంటేనే పాట. మూడో పాటలో చూపుడు వేలి పిక్కు వదులై, తీగ దెబ్బకు ఎగిరి, ముందు వరసలో కూర్చున్న పెళ్లికొడుకు మేనమామ ఒళ్లో పడింది. భూమేష్ మధ్యవేలితో లాక్కొద్దామని చూశాడు. అదీ ఊడింది.

"మా భూమేష్‌కు గోర్లు ఊడినయ్. పిల్లకు పెట్టంగ మిగిలిన గోరింటాకు ఉంటే జర పంపుండ్రి," అన్నాడు మల్లికార్జున్ మైకులో.

పందిరి పందిరంతా నవ్వింది. ఆ నవ్వు అణగకముందే కీబోర్డు పాటను అందుకుంది, అదీ స్టీల్ గిటారు గొంతుతోనే. స్టేజీ వెనక కీబోర్డు ముందు కూర్చున్నవాడు పరమేశ్వర్, మల్లికార్జున్ మేనల్లుడు. కీబోర్డు స్టాండు మీదే ఉంది. వైరు ముందే లాగి ఉంది, ప్లగ్గు ముందే పెట్టి ఉంది. భూమేష్ కాసేపు ఆ ప్లగ్గు వైపే చూశాడు. ఆ మరుసటి వారం నుంచి ఆర్కెస్ట్రా బండి అతని గల్లీలో ఆగలేదు.

భూమేష్‌ది బోధన్. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ. ఆ రోజుల్లో ఊరి గాలి కూడా తియ్యగా ఉండేదని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. అది పులిసిన చెరకు మడ్డి కంపు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పోయిన కంపు కూడా తీపే అయింది. ఫ్యాక్టరీ మనుషులకు ఒక క్లబ్బు ఉండేది. అందులో ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా సాయంత్రాలు స్టీల్ గిటారు వాయించేవాడు. తండ్రికి సద్ది తీసుకుపోయిన భూమేష్ ఖాళీ గిన్నెతో కిటికీ దగ్గరే ఆగిపోయేవాడు. గుమాస్తా ఒకరోజు లోపలికి పిలిచాడు. మళ్లీ బదిలీ వచ్చేనాటికి గిటారు భూమేష్ ఒళ్లోకి చేరింది.

ఆయన నేర్పినవాటిలో ఒకటి భూమేష్ వేళ్లలో ఉండిపోయింది. "స్వరం మీదికి దొంగలా దూకకు. కింది నుంచి మెల్లగా జరుగుతూ పో. కొంచెం ఆలస్యంగా చేరు. వినేవాడు నీకోసం ఎదురుచూడాలి," అనేవాడు ఆయన.

పగలు బస్టాండు వెనక రేకుల షెడ్డులో మోటార్ వైండింగు, రాత్రి ఆర్కెస్ట్రా. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, రాగి తీగ మళ్లీ చుట్టి ఇచ్చేవాడు. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి. నందిపేట్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఇల్లు చూసి, షెడ్డు చూసి, చివరికి గోడకు వేలాడుతున్న గిటారు చూసి, "పాటగానికి పిల్లనిస్తే పొయ్యి మీద తబలా పెట్టి వండుకోవాలె," అని చెప్పులు తొడుక్కున్నాడు. నవ్వించే మాటే. ఆ మాట తర్వాత ఆ ఇంటికి ఇంకో సంబంధం రాలేదు.

ఏర్గట్ల నుంచి వచ్చాక భూమేష్ ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. పెట్టుకుంటే వినేవాళ్లెవరు? కళాకారులను గౌరవించాలని ప్రతి గణేశ్ మండపం మైకులోనూ చెప్తారు, చెప్పి డీజే పెడతారు. అతను పట్టుకున్నది ఒక్కటే. పిక్కు జారకూడదు. నూనె పూసినా, చెమట పట్టినా జారకూడదు. మళ్లీ ఒక్కసారి నలుగురి ముందు కూర్చోవాలి, ఆ పందిరి విన్నది తన చేతి తప్పు కాదని వినిపించాలి.

మొదట తుమ్మబంక రాశాడు. ఆరేదాకా బాగానే ఉంది, ఆరినాక పెచ్చులై పిక్కుతో సహా ఊడింది. చెరకు సీమలో పుట్టినవాడు కదా, తర్వాత బెల్లం మడ్డి దగ్గరికి పోయాడు. గానుగ దగ్గర డబ్బాలో పట్టుకొచ్చి వేళ్లకు రాసుకుంటే పిక్కు కదల్లేదు. రెండు పాటలు హాయిగా సాగాయి. తెల్లారి చూస్తే తీగల వెంబడి చీమలు బారులు తీరి గిటారు పొట్టలోకి దిగుతున్నాయి.

షెడ్డు పక్కన మిర్చిబజ్జీల బండి హన్మవ్వది. విధవరాలు, నోరు పెద్దది. అతని పాట వినే మనిషి ఆమె ఒక్కతే, అదీ గిరాకీ లేనప్పుడు.

"ఏందిరా భూమేషూ, గిటారును ఎండల పండవెట్టినవ్? జరమొచ్చిందా?"

"చీమలు పట్టినయ్ అవ్వా."

"పట్టయ్ మరి? నువ్వు వాయించేది తియ్యగుంటదని నేనే చెప్తి. చీమలకు ఎవ్వలు చెప్పిండ్రో."

భూమేష్ నవ్వాడు. ఆ వారమంతా అతను నవ్వింది అప్పుడే.

తర్వాత షెడ్డులో ఉన్న సరుకంతా వాడి చూశాడు. వైండింగులో చుట్టే నూలు టేపు వేలికి చుట్టి దాని మీద పిక్కు తొడిగితే, పట్టు ఉంది గానీ వేలికి తీగ తెలియడం లేదు. సైకిలు ట్యూబు ముక్క వేస్తే లోపల చెమట పట్టి వేలు నానింది. పిక్కు రేకును లోపలివైపు ఎమరీ కాగితంతో గరుకు చేశాడు. పటకారుతో ఒత్తి వేలి ఆకారానికి మలిచాడు. దీంతో సగం పని అయింది. వేలి కొస గుండ్రంగా ఉండదు, ఒకవైపు బల్లపరుపు, ఒకవైపు వంపు. ఉంగరంలా ఉన్న పిక్కు గుండ్రటి వేలికే పడుతుంది. ఈ సంగతి అర్థమయ్యేసరికి అతని తల సగం నెరిసింది.

మిగిలిన సగం సిరికొండ అడవి నుంచి వచ్చింది. సంతలో తేనె అమ్మేవాళ్ల దగ్గర మైనం ముద్దలు, గుగ్గిలం కొన్నాడు. మైనం ఒక్కటే అయితే ఎండకు కరుగుతుంది. గుగ్గిలం ఎక్కువైతే పిక్కు తీసేటప్పుడు తోలు లేస్తుంది. రెండూ డబ్బా మూతలో కరిగించి, పాళ్లు మార్చి మార్చి చూశాడు. చివరికి ఒకరోజు చేతులకు కావాలని నూనె పూసుకుని, గుడ్డతో తుడుచుకుని, పిక్కుల లోపల ఆ మైనం అద్ది తొడిగాడు. వేలి వేడికి మైనం మెత్తబడి చర్మాన్ని పట్టుకుంది. తెలిసిన పాటలన్నీ వాయించాడు. ఏ పిక్కూ కదల్లేదు.

తలుపు తీసి బయటికి వచ్చాడు. హన్మవ్వ ఆ రోజు బండి పెట్టలేదు. చెప్పడానికి ఎవరూ లేక, వేళ్లకు పిక్కులతోనే కాసేపు రోడ్డు మీద నిలబడి, లోపలికి పోయి ఎవరిదో మోటారు విప్పుకున్నాడు.

మల్లికార్జున్ మళ్లీ కనబడింది మొన్నటి వానాకాలంలో. పొట్ట పెరిగింది, ఆర్కెస్ట్రా తగ్గింది. షెడ్డు గడపలో నిలబడి, నిన్ననే విడిపోయినట్టు పలకరించాడు.

"తమ్మీ, మంచిగున్నవా? నిజామాబాద్ల ఒక సేటు అరవై ఏండ్ల పండుగ చేసుకుంటుండు. ఆయనకు పాత పాటలు గావాలె. గిటారు ఒళ్లె పెట్టుకోని వాయించేటోడు గావాల్నట. నువ్వు గాక ఇంకెవ్వలున్నరు మనకు?"

'మనకు' అన్న మాట భూమేష్ విన్నాడు. హన్మవ్వ కూడా విన్నది.

"ఇన్నేండ్లకు గుర్తొచ్చిండా నీకు?" అన్నది ఆమె బండి దగ్గర నుంచే.

"నువ్వు బజ్జీలు కాల్చుకో పెద్దమ్మా."

"కాలుస్తనే ఉన్న. నువ్వు ఇంక కాలలే."

భూమేష్ పోవద్దనుకుంటే పోకుండా ఉండొచ్చు. అతను ఒప్పుకున్నది మల్లికార్జున్ మీద నమ్మకం కలిగి కాదు. స్టేజీ ఇంకొకటి లేదు, అంతే. "వస్త అన్నా," అన్నాడు.

ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం కార్యక్రమం. సేటుకు శాలువాలు కప్పేవాళ్లు ఒకవైపు, ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు ఒకవైపు. భూమేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేజీ మధ్యలో కూర్చున్నాడు. గిటారుకు ఒక వైరు తగిలించి సౌండు మనిషి వెళ్లిపోయాడు. వెనక పరమేశ్వర్, ముందు కీబోర్డు. భూమేష్ మైనం అద్ది ఒక్కొక్క పిక్కూ తొడిగి, తలుపు గొళ్లెం లాగినట్టు లాగి చూసుకున్నాడు.

మొదటి పాట మొదలైంది. స్పీకరు డబ్బాల్లోంచి స్టీల్ గిటారు ధ్వని హాలంతా నిండింది. సేటు తలతిప్పి చూసి చేయెత్తాడు. భూమేష్ కళ్లు తడిశాయి. పిక్కులు వేళ్లతో పుట్టినట్టే ఉన్నాయి.

రెండో చరణంలో, గుమాస్తా నేర్పినట్టు, పై స్వరం మీదికి పోకుండా కడ్డీని కింద ఆపి, కొంచెం ఆలస్యం చేశాడు. డబ్బాలు ఆలస్యం చేయలేదు. అతను చేరకముందే స్వరం చేరిపోయింది.

భూమేష్‌కు ముందు అర్థం కాలేదు. కుడిచేయి తీగల మీద నుంచి ఎత్తాడు. పాట ఆగలేదు. అదే స్టీల్ గిటారు, అదే జారుడు, డబ్బాల్లోంచి వస్తూనే ఉంది. వెనక్కి చూశాడు. పరమేశ్వర్ వేళ్లు కీబోర్డు మీద కదులుతున్నాయి. హాలు చివర మిక్సరు దగ్గర సౌండు మనిషి ఫోను చూసుకుంటున్నాడు. గిటారుకు తగిలించిన వైరు ధ్వనిని మిక్సరు దగ్గరే మూసేశారు. సేటుకు చూడటానికి గిటారు కావాలి, వినడానికి ఏదైనా ఒకటే.

లేచి పోవచ్చు. గిటారు నేలకేసి కొట్టవచ్చు. అలా చేసినవాళ్ల గురించి ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. భూమేష్ చేయి మళ్లీ తీగల మీదే పెట్టాడు. గిటారు పొట్ట తన పొట్టకు ఆనుకుని ఉంది కాబట్టి, డబ్బాల హోరు కింద తన ధ్వని తనకు సన్నగా తెలుస్తోంది. ఆ సన్నటి ధ్వని పట్టుకుని అన్ని పాటలూ వాయించాడు. స్వరాల దగ్గరికి తనకు ఇష్టమైనంత ఆలస్యంగా పోయాడు. ఒక్క పిక్కూ జారలేదు. ఆ సంగతి ఆ హాల్లో ఎవరికీ తెలియలేదు.

అయిపోయాక సామాను వెనక గేటు దగ్గర బండికెక్కిస్తున్నారు. మల్లికార్జున్ కిళ్లీ నములుతూ వచ్చాడు. వాళ్లిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు.

"సేటు మస్తు ఖుష్ అయిండు తమ్మీ. దసరాకు ఆర్మూర్ల ఇంకోటున్నది. నువ్వు వచ్చి కూసుంటే చాలు."

భూమేష్ గిటారును గుడ్డ సంచిలో పెట్టి మూతి కట్టాడు.

"అన్నా, ఆఖరి పాటల ఒక్కకాడ తప్పు వాయించిన. విన్నవా?"

"యాడ తప్పినవ్? నేను ముందట్నే నిలవడ్డ గద. ఒక్క తప్పు లేదు. అందరు అదే అంటున్నరు."

"తప్పిన అన్నా," అన్నాడు భూమేష్. "నేనొక్కన్నే విన్న."