ఇది బ్యాంకేనా అండీ?

ఆర్విల్ స్టాంపర్ గారికి నటన వచ్చు, గుర్రపు స్వారీ వచ్చు, నాలుగు రకాలుగా చచ్చిపోవడం వచ్చు. రానిదల్లా ఒక్కటే, తన షో ఏదో గుర్తుపెట్టుకోవడం. న్యూయార్క్‌లో పడమటి వైపున్న ఆ టెలివిజన్ స్టూడియోలో ఆయన మూడేళ్ళు పనిచేశారు. ఆ మూడేళ్ళలో ఆయన తనది కాని షోలోకి దూరని వారం ఒక్కటి కూడా లేదని, నటులకి మాటలు అందించే ప్రాంప్టరు వెర్నా లిపిన్‌స్కీ ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలదు.

ఇందులో స్టూడియో తప్పు కూడా కొంత ఉంది. అది ఒకప్పటి స్కేటింగ్ హాలు. ఒకే నేల మీద మూడు షోల సెట్లు. తూర్పు గోడకి ఆనుకుని పెన్నీవెల్ వారి వంటిల్లు. పగలు పన్నెండున్నరకి దేశంలోని ఇల్లాళ్ళందరూ అంట్లు వదిలేసి చూసే పావుగంట కథ అక్కడే జరిగేది. దాని పక్కన పిల్లల కౌబాయ్ షో తాలూకు బ్యాంకు. ఆ పక్కన అట్టతో చేసిన అంగారక గ్రహం. మధ్యలో ఉన్నవి బట్ట గోడలు. ఎవరైనా గట్టిగా తుమ్మితే మూడు లోకాలూ కలిసి ఊగేవి. స్టాంపర్ గారు బ్యాంకులో దొంగ, అంగారక గ్రహంలో రాజు. వంటింట్లో ఆయనకి ఏ పనీ లేదు. అయినా ఎక్కువగా కనిపించింది వంటింట్లోనే.

ఆ రోజుల్లో అన్నీ అప్పటికప్పుడు నటించి అప్పటికప్పుడు ప్రసారం చేసే షోలే. తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడం బ్రహ్మతరం కాదు. అందుకని స్టూడియోలో ఒకటే నియమం ఉండేది. ఏం జరిగినా సరే, మాట ఆగకూడదు. గోడ కూలినా, పిల్లి వచ్చినా, కెమెరా ముందుకి వచ్చిందల్లా కథలో భాగం అయిపోవాల్సిందే.

మొదటిసారి వెర్నా కళ్ళారా చూసింది ఓ మంగళవారం. పెన్నీవెల్ అమ్మగారి వేషం కట్టే లెనోరా వాన్స్ గారు పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఉన్నారు. కూతురి పెళ్ళి ఆగిపోయిన సంగతి విని ఆవిడ కుమిలిపోవాలి. నిలబడ్డారు. గరిటె తిప్పారు. మళ్ళీ తిప్పారు. ఇంతలో గడ్డం, రెండు తుపాకులు, మొహానికి ఎర్ర గుడ్డ పెట్టుకుని స్టాంపర్ గారు తలుపు తోసుకుని వచ్చారు.

"ఇది బ్యాంకేనా అండీ?"

"కాదు బాబూ, వంటిల్లు," అన్నారు లెనోరా గారు.

"అలాగా. మరి డబ్బు?"

"అది మా ఆయన దగ్గర ఉంటుంది."

"అయితే అది వచ్చేది కాదులెండి. పాపం, అమ్మాయి పెళ్ళి ఆగిపోయిన బెంగలో ఉన్నట్టున్నారు. నేను మళ్ళీ వస్తా," అని టోపీ తీసి దణ్ణం పెట్టి, తలుపు వైపు కాకుండా ఫ్రిజ్ తెరుచుకుని అందులోంచి వెళ్ళిపోయారు. ఆ ఫ్రిజ్‌కి వెనక చెక్క లేదు. లెనోరా గారు గరిటె గుండెకి హత్తుకుని, "అవును, పెళ్ళి ఆగిపోయింది," అంటూ ఎంత బాగా ఏడ్చారంటే కెమెరా పట్టుకున్నవాడు కూడా ముక్కు చీదాడు.

నిర్మాత హాడ్లీ బ్రాక్ గారు మాత్రం జుట్టు పీక్కున్నాడు. మర్నాటి కథలో రచయిత ఆ దొంగని పక్కింటాయన చేశాడు. విచిత్ర వేషాల విందుకి వెళుతూ దారి తప్పాడని సర్దాడు. అది బాగానే ఉంది. కాని పై వారం స్టాంపర్ గారు తలమీద రెండు యాంటెన్నాలతో, ఆకుపచ్చ మొహంతో వచ్చి "ఇది బ్యాంకేనా అండీ?" అన్నారు. ఆ పై వారం మళ్ళీ దొంగ. రచయిత పక్కింటాయనకి మొదట మతి చలించేలా చేశాడు, తరువాత సర్కసులో ఉద్యోగం వేయించాడు. ఆఖరికి కథ ఎటు పోతోందో రాసేవాడికే అర్థం కాక, రోజూ ఉదయం తాను ముందురోజు రాసిన కాగితాలు వెర్నా చేత చదివించుకుని వినేవాడు.

చూసేవాళ్ళ పరిస్థితీ అంతే. ఒహాయో నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. "ఆ పక్కింటాయన పెన్నీవెల్ అమ్మగారి మొదటి మొగుడా? మా ఆయన అవునంటాడు, నేను కాదంటాను. మూడు రోజులుగా మా ఇంట్లో మాటల్లేవు. దయచేసి త్వరగా తేల్చండి." బ్రాక్ గారు దాన్ని రచయితకి ఇచ్చాడు. రచయిత చదివి, "ఏమో సార్, అయినా కావచ్చు," అన్నాడు.

స్టాంపర్ గారి మీద అందరికంటే జాలిపడింది లెనోరా గారు. "ఆయన్ని ఏమీ అనకండి. పెద్దవాడయ్యాడు. మతిమరుపు ఎవరి చేతిలో ఉంటుంది?" అనేవారు. ఆవిడే స్వయంగా ఓ చీటీ రాసి ఆయన చొక్కాకి పిన్నీసుతో గుచ్చారు. ఇతను బ్యాంకు మనిషి, వేరేచోట దొరికితే బ్యాంకుకి పంపగలరు, అని. దొంగ వేషం వేసినా, రాజు వేషం వేసినా ఆ చీటీ తీసేవారు కాదాయన.

"అది తీసెయ్యండి, పిల్లలకి కనిపిస్తుంది," అనేది వెర్నా.

"తీస్తే నేనెవరో నాకెలా తెలుస్తుందమ్మాయీ?" అనేవారు ఆయన అమాయకంగా.

వెర్నాకి అసలు దిగులు స్టాంపర్ గారి గురించి కాదు, లెనోరా గారి గురించి. రోజుకో కొత్త పాఠం బట్టీ పట్టాలి. అరవై రెండేళ్ళ మనిషి. కొన్నేళ్ళుగా ఆవిడకి మధ్యమధ్య మాట ఆగిపోతోంది. సెట్టు పక్కన పాఠం పట్టుకుని కూర్చుని అందించడమే వెర్నా ఉద్యోగం. కాని బల్లకి పైన వేలాడే మైకు ఈగ రెక్కల చప్పుడు కూడా వదలదు. గట్టిగా అందిస్తే దేశమంతా వింటుంది, మెల్లిగా అందిస్తే లెనోరా గారికి వినపడదు. ఆర్గన్ వాయించేవాడు నాలుగు క్షణాలు సంగీతంతో కప్పగలడు. అయిదో క్షణం అందరికీ అనుమానం వస్తుంది.

షోకి డబ్బిచ్చే సబ్బుపొడి కంపెనీకి ఆ అనుమానం వచ్చేసింది. ఓ బుధవారం ఉదయం బ్రాక్ గారు వెర్నాని పక్కకి పిలిచాడు.

"ఇవాళ కంపెనీ పెద్దాయన వచ్చి, మనం షో నడిపించే గాజుగదిలో కూర్చుంటాడు. లెనోరా గారి నోరు ఇంకొక్కసారి ఆగితే లారీయే."

ఈ కథల్లో ఎవరైనా అక్కర్లేకపోతే వాళ్ళని వీధి దాటించి లారీ కింద వేసేస్తారు. అలా నలుగురు పోయారు. లెనోరా గారికి రాసిన లారీ పేజీ అప్పటికే రచయిత జేబులో ఉంది.

"ఇంకోటి," అన్నాడు బ్రాక్. "ఆ దొంగ వెధవ ఇవాళ అడ్డం పడ్డాడంటే మనమంతా రోడ్డున పడతాం. బట్టల గదిలో పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి నాకియ్యి."

పన్నెండున్నర కావస్తుండగా వెర్నా స్టాంపర్ గారిని బట్టల గదికి తీసుకుపోయింది. ఆయన ఆకుపచ్చ మొహంతో, యాంటెన్నాలతో బుద్ధిగా వచ్చారు.

"మీకు ఇవాళ ఏ షో అండీ? పాఠం చూపించండి," అంది.

ఆయన తటపటాయించారు. వెర్నాయే ఆయన అంగీ జేబులో చెయ్యి పెట్టింది. అంగారక రాజు మాటలు ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ పెన్నీవెల్ వారి కాగితాలు. ఇవాళ్టివి, నిన్నటివి, మొన్నటివి. లెనోరా గారు చెప్పాల్సిన ప్రతి మాట కిందా నీలం పెన్సిలుతో గీతలు.

వెర్నా కాగితాలు తిరగేసింది. "ఇవి ఆవిడ మాటలు కదండీ. మరి మీవి?"

"నావి నోటికి వచ్చు. ఉన్నవి తొమ్మిదే."

"మరి మీకు సెట్టు తెలియకపోవడం..."

"ముప్పై ఏళ్ళు నాటకాలాడినవాడికి ఏ గది ఎటుందో తెలియదా అమ్మాయీ?" అన్నారాయన, యాంటెన్నాలు సర్దుకుంటూ. "వంటింట్లో ఒకావిడ మాట పెగలక నిలబడితే దేశమంతా ఆవిడనే చూస్తుంది. అప్పుడో దొంగ లోపలికొస్తే దొంగని చూస్తుంది. మర్చిపోయిన మాట దొంగ తన మాటల్లో కలిపి అనేస్తే ఆవిడ అందుకుంటుంది. అంతే. ఆవిడకి మాత్రం చెప్పకు. నాకు మతిమరుపని ఆవిడ ఎంత సంతోషంగా జాలిపడుతుందో."

ఈలోగా బ్రాక్ గారు వచ్చాడు, వెర్నాని బయటికి రమ్మని స్వయంగా తాళం వేశాడు, చెవి జేబులో వేసుకుని గాజుగదిలోకి పోయాడు. మరుక్షణం షో మొదలైందని ఎర్రదీపం వెలిగింది.

ఆరు నిమిషాలు బాగానే నడిచింది. తరువాత పెన్నీవెల్ అమ్మగారు కొడుకు ఉత్తరం పట్టుకుని, శనివారం వాడు ఓడ దిగుతున్నాడని చెప్పాలి. ఉత్తరంలో ఉన్నది తెల్లకాగితమే.

"జార్జి రాశాడు," అన్నారు లెనోరా గారు. "జార్జి..."

ఆగిపోయారు. ఆర్గన్ అందుకుంది. ఒకటి. రెండు. బట్టల గదిలో తలుపు ధనధన మోగింది. అది కథలో ఉరుము అనుకున్నారు చాలామంది. మూడు. లెనోరా గారు తెల్లకాగితం తిరగేసి చూశారు. ఆ చూపు చూసేసరికి వెర్నాకి తన ఉద్యోగం సంగతి, గాజుగది సంగతి గుర్తు రాలేదు. పాఠం బల్లమీద పడేసి, చెవులకున్న హెడ్‌ఫోను, దాని వెనక బారెడు తీగ తోటి తలుపు తోసుకుని వంటింట్లోకి నడిచింది.

"ఇది బ్యాంకేనా అండీ?"

లెనోరా గారు ఆమెకేసి అయోమయంగా చూశారు. తరువాత ఆ మొహం నిండా జాలి వచ్చింది. "కాదమ్మా, వంటిల్లు."

"అయ్యో. మరి మీ జార్జి శనివారం ఓడ దిగుతున్నాడు కదా, డబ్బు అవసరం పడుతుందేమో కనుక్కుందామని," అంది వెర్నా. తనేమంటోందో తనకే తెలియలేదు.

"శనివారం," అన్నారు లెనోరా గారు, మొహం వెలిగిపోతూ. "అవునమ్మా, శనివారం. నా బిడ్డని చూసి నాలుగేళ్ళయింది." ఇక ఆ ప్రవాహాన్ని ఎవరూ ఆపలేకపోయారు.

వెర్నా పద్ధతి ప్రకారం ఫ్రిజ్‌లోంచి వెళ్ళిపోదామనుకుంది. తీగ తలుపులో ఇరుక్కుంది. లాగితే బట్ట గోడ కూడా వస్తుంది. అందుకని షో అయిపోయేదాకా ఫ్రిజ్‌లోనే, బల్బు పక్కన, ఊపిరి బిగబట్టి నిలబడింది.

షో అవగానే గాజుగదిలోంచి కంపెనీ పెద్దాయన దిగి వచ్చాడు. "ఆ ఫ్రిజ్‌లోకి వెళ్ళినావిడ ఎవరు? మా ఆవిడ ఇంటి నుంచి ఫోన్ చేసి మరీ అడుగుతోంది."

బ్రాక్ గారు రచయిత వైపు చూశాడు. రచయిత వెంటనే, "ఆ పక్కింటాయన చెల్లెలు సార్," అన్నాడు.

"అనుకున్నాను, ఆ కుటుంబంలోనే ఉన్నట్టుంది," అన్నాడు పెద్దాయన తృప్తిగా. "లెనోరా గారు ఇవాళ కంటతడి పెట్టించారు. ఆ లారీ సంగతి ఇంక ఎత్తకండి."

తాళం తీశాక స్టాంపర్ గారు తీరిగ్గా బయటికి వచ్చారు. తలుపు బాదీ బాదీ ఒక యాంటెన్నా వంగిపోయింది. లెనోరా గారు ఆయన మీదికి వెళ్ళారు.

"చూశారా, మీ జబ్బు ఈ పిల్లకి కూడా అంటించారు."

"పొరపాటైపోయిందండీ," అన్నారాయన తల వంచుకుని.

"ఇటు రా తల్లీ," అని లెనోరా గారు వెర్నాని దగ్గరికి తీసుకున్నారు. అప్పటికే చీటీ రాసి ఉంచారు. ఇది పెన్నీవెల్ వారి పిల్ల, దారి తప్పితే వంటింటికి పంపగలరు, అని. వెర్నా జాకెట్టుకి జాగ్రత్తగా గుచ్చి, చెంప మీద తట్టి, రేపటి పాఠం కోసం వెళ్ళిపోయారు. వెర్నా ఆ చీటీ వైపు చూసుకుంటూ నిలబడింది.

స్టాంపర్ గారు వంగి ఆ చీటీ చదివారు. తరువాత తన చీటీ చూసుకున్నారు. చుట్టూ ఎవరూ లేరని నిర్ధారణ చేసుకుని, మెల్లిగా అడిగారు.

"అమ్మాయీ, రేపు పన్నెండున్నరకి దారి తప్పేది నువ్వా, నేనా?"

"రేపటికి మీరే తప్పండి," అంది వెర్నా. "నాకింకా ఫ్రిజ్ అలవాటు కాలేదు."