గుడివాడ ప్యాసింజర్‌లో గురక

మా పెడన కలంకారీ కంపెనీని బిజినెస్ టీవీ వార్తల్లోకి ఎక్కించే భారం నా మీద పడ్డ రోజులవి. గుడివాడ ప్యాసింజర్‌లో ఎదురుగా కూర్చున్నావిడ, తాను అలాంటి వార్తల డెస్కులోనే పనిచేసి మానేశానన్నారు. ఇంకేం, బందరు కాలువంత పొడవున్న నా ప్రసంగం మొదలెట్టాను. "అగ్రగామి సంస్థ" అనేసరికే ఆవిడ గురక ఇంజను కూతను మింగేసింది.

నీరసపడి, "ఈ ముసురుకి అద్దిన బట్ట ఆరక చీరల రేటు పెరిగిపోయింది" అని గొణుక్కున్నాను.

ఆవిడ కళ్లు తెరిచారు. "అదండీ వార్త. అది చెప్పండి చాలు. కంపెనీ పేరు వాళ్లే అడుగుతారు."

టీవీవాళ్లకి ఆ ముసురు సంగతే చెప్పాను, కంపెనీ పేరు అలాగే అడిగారు. మా పేరు తెర మీద రెప్పపాటు మెరిసింది. ప్రపంచమంతా చూసిందని నేనంటాను.

ఆవిడ పేరు మాత్రం నేను అడగనేలేదు. ఇప్పటికీ ఎవరికేం చెబుతున్నా, ముందు వాళ్ల రెప్పలకేసి చూస్తాను.