పొత్రం పడుకున్న ఉయ్యాల

నా చిన్నప్పుడు మా రొంపిచర్ల వైపు పల్లెల్లోకి నైలాన్ తాడు కొత్తగా వచ్చింది. అంతకు ముందు తాడంటే గోగునార తాడే. గోగుకట్టెలు కుంటలో నానబెట్టి, నార తీసి, మా నాయనమ్మ ఇంటి ముందు కూర్చుని చేత్తోనే పేనేది. నాన్న నరసరావుపేటలో ఆకుపచ్చ నైలాన్ తాడు చుట్ట కొనుక్కొచ్చి, పెళ్ళికూతుర్ని తెచ్చినంత సంబరంగా ఊరంతా చూపించాడు. వానకు కుళ్ళదట, ఎడ్లు లాగినా తెగదట. ఆ మురిపెంలో ఇంట్లో ఉన్న గోగుతాళ్ళన్నీ చొప్పకట్టలకు వాడేశాడు.

అది మిరపకాయ కోతల కాలం. కోతకు వచ్చే కూలీల్లో ఒక పిన్ని ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, వరసకు అలా పిలిచేదాన్ని. ఆమెకు చంటిపిల్ల. ఇంటి దగ్గర చూసే దిక్కు లేక పిల్లను పొలానికే తెచ్చుకునేది. గట్టు మీది తుమ్మకొమ్మకు తాడు వేసి, రెండు కొసలూ కలిపి ముడివేసి, అందులోంచి పాత చీర దూర్చి ఉయ్యాల కట్టేది. ఆ రోజు గోగుతాడు అడిగితే నాన్న గొప్పగా ఈ కొత్త తాడు కోసి ఇచ్చాడు. ఆమె ముడి వేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ముడి మీద ముడి వేసి, కాలు తన్నిపెట్టి మరీ బిగించింది.

పొద్దెక్కాక ఉయ్యాల జారి పిల్ల కింద పడింది. కింద మెత్తటి మట్టి కాబట్టి బతికింది. నుదురు మాత్రం నిమ్మకాయంత బొప్పి కట్టింది. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిన నాన్న పిల్లను చూడలేదు, తాడును చూడలేదు. తల్లి మీద విరుచుకుపడ్డాడు.

“ముడెయ్యటం గూడా చేతగాదంటే ఏందమ్మా! రేపేదన్నా అయితే ఊళ్ళో నా మొహానే ఊస్తారు. పిల్లని ఇంటికాడ పెట్టిరా, లేకపోతే అసలు రామాకు.”

ఇంటి దగ్గర ఎవరున్నారని పెట్టి వస్తుంది? ఆ కోతలే వాళ్ళకు ఏడాది పొడుగునా తిండి. ఆమె గట్టిగానే కట్టిందని నేను అడ్డం వెళితే, పెద్దోళ్ళ మాటల్లో నీకేం పనే అని నన్నూ కసిరాడు. ఆమె మారు మాట్లాడకుండా పిల్లను చంకనేసుకుని గట్టు దిగి వెళ్ళిపోయింది. నాకు కడుపు మండిపోయింది. ఇంటికొచ్చి నాయనమ్మకు చెబితే, ఆమె ఊఁ అని ఊరుకుంది. దాంతో ఆమె మీద కూడా కోపం వచ్చి అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నాన్నను పిలిచింది. ఇంట్లో ఉక్కగా ఉందిరా, పసివాడికి పశువుల పాకలో ఉయ్యాల వెయ్యి, నీకు ముడెయ్యటం చేతనవును గదా అంది. పసివాడంటే మా తమ్ముడు, ఏడాది కూడా నిండలేదు. నాన్న అదే ఆకుపచ్చ తాడు తెచ్చి, దూలానికి వేసి, నరాలు పొంగేలా బిగించాడు. నాయనమ్మ లోపలికి వెళ్ళి, దుప్పట్లో చుట్టిన బిడ్డను జాగ్రత్తగా తెచ్చి చీరలో పడుకోబెట్టింది. మెల్లగా ఊపుతూ నాన్నతో పంట సంగతులు మాట్లాడుతూ కూర్చుంది.

ఊపిన ఊపుకల్లా ఆ నున్నటి ముడి కొంచెం కొంచెం వదులవడం నేను చూశాను. నోరు తెరిచేలోపే తాడు సర్రున జారింది. ఉయ్యాల దబ్బున నేలకు కొట్టుకుంది. నాన్న పెట్టిన కేక వీధి చివరకు వినిపించి ఉంటుంది. ఒక్క అంగలో వచ్చి దుప్పటి విప్పాడు. లోపల రుబ్బురోలు పొత్రం ఉంది. తమ్ముడు లోపలి గదిలో అమ్మ ఒళ్ళో పాలు తాగుతున్నాడు.

“ముడెయ్యటం చేతగాదంటే ఏందిరా?” అంది నాయనమ్మ, ఊపే చెయ్యి ఇంకా గాలిలోనే ఉంచి.

 ముందురోజు సాయంత్రమే నాయనమ్మ ఆ పొత్రంతో, ఆ తాడుతో పాకలో పరీక్ష చేసి చూసుకుందని తర్వాత అమ్మ చెప్పింది. గోగుతాడుకు నూగు ఉంటుంది, ముడి దాన్ని పట్టుకుంటుంది. నైలాన్‌కు అదేదీ లేదు. గోగుతాడుకు వేసినట్టే దీనికీ ముడివేయడం పిన్ని ఒక్కతే చేసిన పొరపాటు కాదు, ఊళ్ళో ఎవరు కట్టినా చేసే పొరపాటు. తిట్లు మాత్రం ఆమెకే పడ్డాయి.

తర్వాత నాయనమ్మ నన్ను, నాన్నను ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ముడి లేకుండా తాడు కలపడం నేర్పింది. రెండు కొసల పేటలూ విప్పి, ఒక చేతి వేళ్ళలో ఇంకో చేతి వేళ్ళు దూర్చినట్టు ఎదురుబొదురుగా పెట్టి, ఒక్కో పేటను అవతలి తాడులో ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా అల్లుకుపోవాలి. గోగుతాడుకైతే రెండు వరసలు చాలు. ఆమె అలాగే అల్లి పొత్రం వేలాడదీస్తే అదీ జారింది. తాడును నానా తిట్లూ తిట్టి, ఇంకా పైకి అల్లి, చీలిపోతున్న కొసలను పొయ్యిలోని కొరివితో కాల్చి అణిచింది. ఈసారి నాన్న పట్టుకుని ఊగినా కదల్లేదు. నా వేళ్ళు కోసుకుపోయాయి. నాన్న అల్లింది మొదట వంకర పోయింది, నాయనమ్మ విప్పించి మళ్ళీ అల్లించింది.

అలా కొసలు కలిసి వలయమైన తాడు పట్టుకుని నాన్నే పిన్ని ఇంటికి వెళ్ళి, పిల్లను తీసుకునే రమ్మన్నాడు. పొలంలో తనే దాన్ని కొమ్మ మీదుగా వేసి, ఒక చివరను రెండో చివరలోంచి దూర్చి, ముడి లేకుండానే లాగి బిగించాడు. “తాడు మంచిది కాదమ్మా, అందుకే జారింది” అన్నాడు. పిన్ని వెంటనే చీర దూర్చలేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని, కాళ్ళు పైకెత్తి, ఒళ్ళంతా దాని మీదే వేసి వేలాడింది. దిగి, కొంగు దులుపుకుని అంది.

“మొన్న గూడా గట్టిగానే కట్టాను బావా.”

నాన్న మిరపచేను వైపు చూశాడు. అవును అనలేదు. నీ తప్పు కాదు అని కూడా అనలేదు. అందరి ముందూ తిట్టగలిగిన నోటికి, అందరి ముందూ ఆ ఒక్క మాట అనడానికి ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు. తాడు మంచిది కాదట. తెచ్చిందెవరు, ఇచ్చిందెవరు? నాన్న పోయి చానా ఏళ్ళయినా ఆ కోపం మాత్రం నాలో పోలేదు. ఆయన నాకు ఎంత ఇష్టమో, ఇదీ అంతే నిజం.

ఇప్పటికీ మా ఇంట్లో ఏదైనా జారి పడి పగిలితే, పనిచేసే అమ్మాయి మీదికి ఎవరి నోరైనా లేస్తే, ముందు నా నోరు లేస్తుంది. ఆమె చేతికి ఏమిచ్చారో తెచ్చి చూపించమంటాను. చాదస్తం అంటారు మా పిల్లలు. అననీ. ఆ రోజు బొప్పి కట్టిన బిడ్డను చంకనేసుకుని, మారు మాట్లాడకుండా గట్టు దిగిపోయిన మనిషిని వాళ్ళు చూడలేదు.