రాజ్యలక్ష్మిగారి చెవుడు

బాళగనూరు దగ్గర, కాలువ నీళ్ల కోసం వలస వచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న మా క్యాంపులో రాజ్యలక్ష్మిగారి ఇంటికీ మా వంటింటికీ మధ్య తడికే గోడ. గుంటూరు వైపు ఎనిమిదో తరగతి దాకా చదివి కాపురానికి వచ్చిన ఆవిడ, నాట్లు లేని మధ్యాహ్నాల్లో ముందు వసారాలో ఆడపిల్లలకు పాఠం చెప్పేవారు. ఐదుతో చదువు ఆగిన నాకు అదే బడి.

ఆ ఏడాది కాలువ నీళ్లు చివరి పొలాలకు అందలేదు. కాలువ మొదట్లో పొలం ఉన్న మా నాన్న యలమందయ్య తన వంతు అయిపోయినా చేలోకి నీళ్లు మళ్లే మడవ మూసేవాడు కాదు. నా పక్కన కూర్చునే నింగవ్వ వాళ్ల చేను కాలువ చివర. నారు ఎండుతోంది.

ఆ రోజు నాన్న నన్ను పనికి పిలుచుకుపోదామని వచ్చి, ఆవిడ చెబుతున్న కథ చెవిన పడి, గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. అదొక పాత కథ. ఒక ఆసామి వాగుకు అడ్డకట్ట వేసి కింది ఊరికి నీళ్లు ఆపుతాడు. తర్వాత కూతుర్ని ఆ ఊరికే ఇస్తాడు. ఆమెను చూడటానికి వెళ్తే, కాళ్లు కడుక్కోమని ఖాళీ చెంబు అందించి కూతురంటుంది: "ఎంత ఔదార్యం నాన్నా మీది!"

"ఔదార్యమంటే?" అన్నారు రాజ్యలక్ష్మిగారు.

"అడక్కుండా పెట్టే గుణం" అన్నాను.

"మరి పొగిడిందా?"

"యాడ పొగిడింది టీచరమ్మా! చెప్పు దీసి కొట్టినట్టుంది గద" అంది నింగవ్వ.

"అదే వ్యంగ్యం. పైకి ఒకటంటాం. లోపలి సంగతి తెలిసినవాళ్లకే అది అందుతుంది."

నాన్న పగలబడి నవ్వాడు. "బుద్ధిలేని వెధవ! నేనైతే అందరికీ వదిలేవాణ్ణి."

నింగవ్వ నెమ్మదిగా అంది: "ఎంత ఔదార్యం పెద్దయ్యా మీది."

నాన్న నవ్వు ఆగిపోయింది. "ఇవా అమ్మా మీరు నేర్పేవి?"

"మాట సరిగ్గానే వాడింది, యలమందయ్యగారూ." ఆవిడ తల దించలేదు.

"లేవే! రేపట్నుంచి ఈ గడప తొక్కావంటే కాళ్లిరగ్గొడతా" అని నాన్న నన్ను లాక్కుపోయాడు.

మర్నాడు నాన్నకు అన్నం వడ్డిస్తుంటే, తడిక అవతల చాపలు ఈడ్చిన చప్పుడైంది. పాఠం ముందు వసారాలోంచి మా వంటింటి పక్కకు వచ్చింది.

"అమ్మాయిలూ, గొంతెత్తి చదవండి. ఈ మధ్య నాకు సరిగా వినబడటం లేదు."

ఆవిడకు ముప్పై కూడా లేవు. నింగవ్వ అందరికంటే గట్టిగా మొదలుపెట్టింది. నాన్న ముద్ద ఆపి విన్నాడు.

"పాపం, ఈ వయసుకే చెవుడా!" అన్నాడు. "సింధనూరులో మంచి డాక్టరున్నాడని చెప్పు."

"చెప్తాను నాన్నా" అని మజ్జిగ పోశాను.