రేకు మోసే బరువు

ఒంగోలులో నేను డిప్లొమా చదివేటప్పుడు మా వర్క్‌షాపు సారు ఎక్కడ రేకు కనిపించినా వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవారు. బస్సయినా, బీరువా అయినా సరే. అంతకుముందు వైమానిక దళంలో విమానాలకు రేకులు బిగించేవారట. భార్య పోయాక బస్టాండు వెనక గదిలో ఒక్కరే ఉండేవారు.

ఓసారి అందరూ మిరపకోతలకని ఊళ్లకెళితే క్లాసుకి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయన నలభై మందికి చెప్పినట్టే గొంతెత్తి పాఠం మొదలుపెట్టారు. నాలుగు వెదురుపుల్లల్ని మూలల్లో దారంతో కట్టి నా చేతికిచ్చారు. నొక్కితే చట్రం పక్కకి ఒరిగిపోయింది. దానికి బిగువుగా కాగితం అంటించి, ఆరాక మళ్లీ నొక్కమన్నారు. ఈసారి కదల్లేదు.

"చూశావా అమ్మా? విమానంలో బరువంతా లోపలి చట్రమే మోస్తుందనుకుంటారు. పైనున్న పల్చటి రేకు కూడా మోస్తుంది. చూసేవాళ్లకది తెలియదు."

బెల్లు కొట్టినా ఆయన లేవలేదు. "రేపు కూడా వస్తావా?" అని అడిగారు.

"వస్తాను సార్" అన్నాను. మర్నాడు పొద్దున్నే నేనూ కోతలకి ఊరెళ్లిపోయాను.

పది రోజులకి తిరిగొస్తే, సారు రోజూ క్లాసు తలుపు తీసుకుని సాయంత్రం దాకా కూర్చున్నారని అటెండరు చెప్పాడు. క్లాసులో సారు ముందు నేను తలెత్తలేకపోయాను.

"కోతలైపోయాయా అమ్మా?" అని మాత్రం అడిగారు.